నాయినమ్మ చేతులు, డిచ్‌పల్లి దవాఖాన

మా నాయినమ్మ కుడిచేతికి మూడు వేళ్ళు సగం దాకనే ఉండేటివి. ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు లోపలికి ముడుచుకపోయి, ఎంత లాగినా సాపుగాకపోయేటివి. ఇంటికి ఎవరన్నా వస్తే రెండు చేతులూ కొంగు కింద పెట్టుకొని కూసునేది. అడిగినోళ్ళకు "చెరుకు గానుగల పడ్డయి" అని చెప్పేది. మా నాయిన గూడ అదే చెప్పేటోడు. బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టేటోళ్ళకు, గానుగ ఆడేటోళ్ళకు వేలు పోవుడు వింత గాదు. అందుకని ఎవరూ రెండోసారి అడగలేదు. నేను గూడ ఇంటర్ చదివేదాక గానుగ కథనే నమ్మిన.

2006 ఎండకాలం సెలవులల్ల ఒకనాడు అన్నం తింటుంటే ఆమె తనంతట తనే చెప్పింది. "గానుగ లేదు గీనుగ లేదు బిడ్డా. నాకు పెద్దరోగం వచ్చుండె. డిచ్‌పల్లి దవాఖానల తొమ్మిదేండ్లు ఉన్న." మా నాయిన కంచం ముందట నుంచి లేచి బయటికి పోయిండు. ఆ ఏడే వానకాలంల ఆమె పోయింది. ఆ మూడు నాలుగు నెలలు ఆమె చెప్పింది నేను విన్న. తర్వాత డిగ్రీల, బిఎడ్‌ల చరిత్ర చదువుకుంట ఆమె చెప్పిన మాటలను పుస్తకాలల్ల వెతికిన. పుస్తకాలల్ల దవాఖాన దొరికింది, దవాఖాన కట్టిన దొరసాని దొరికింది. మా నాయినమ్మ లాంటోళ్ళు దొరకలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్న.

మేం మాదిగలం. నాయినమ్మ పుట్టిన ఊరు నిజాంసాగర్ కాలువ కింద ఉంటది. మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923ల మొదలై 1931ల అయిపోయింది. కాలువల నీళ్ళు పారినయి, చెరుకు వచ్చింది, 1937ల బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. నీళ్ళు పారిన భూమి మాత్రం మావోళ్ళది గాదు. నాయినమ్మ పదేండ్ల పిల్లగ ఒక పటేలు ఇంట్ల బర్లు కాసింది. ఒకనాడు పొయ్యి కాడ నిప్పు తాకి అరచెయ్యి పొక్కింది, ఆమెకు తెల్వనే లేదు. వాసన చూసి వాళ్ళ అవ్వ ఉరికొచ్చింది. అప్పటికే నడుము మీద, మోచెయ్యి దగ్గర రాగిరంగు మచ్చలున్నయి.

పటేలు పనికి రావద్దన్నడు. అది అనుకున్నదే. మా వాడ గూడ ఆమెను ఉంచుకోలేదు. ఇది దాచి రాస్తే అబద్ధమైతది. వాడ పెద్దలే ఊరవతల ఒక కొట్టం వేసి అందుల ఉండమన్నరు. వాళ్ళ అవ్వ తుమ్మచెట్టు మొదట్ల గటక పెట్టి దూరం జరిగేది, పిల్ల వచ్చి తీసుకునేది. ఊరు మమ్మల్ని ఎట్ల నిలబెట్టిందో, మేం ఆ పిల్లను అట్లనే నిలబెట్టినం. అంటరానోళ్ళల్ల అంటరానిది ఎట్లుంటదో నాయినమ్మకు తెలిసినంత నాకు తెల్వదు. సుమారు ఒక సంవత్సరం అట్ల ఉన్నది. ఒకనాడు వాడకు ప్రార్థన చెప్పనీకి వచ్చే అయ్యగారు ఆమెను చూసి, బండి కట్టించి డిచ్‌పల్లి తీస్కపోయిండు. బండిల ఆమె పక్కన కూసున్నడంట. "ఏడాది తర్వాత నా పక్కన మనిషి కూసున్నడు" అని నాయినమ్మ చెప్పింది. బండి ఎంత దూరం పోయింది, ఎన్ని గంటలు పట్టింది ఆమెకు యాదిలేదు. పక్కన మనిషి కూసున్నది యాదున్నది.

ఆ దవాఖాన ఎట్ల పుట్టిందో చెప్పాలె. ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ నిజాం రాజ్యంల 1879ల పని మొదలుపెట్టింది. మెదక్‌ల చార్లెస్ వాకర్ పాస్నెట్ ఉండేటోడు. కరువు కాలంల కూలోళ్ళకు పని, బువ్వ ఇచ్చి ఆయన కట్టించిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరిచిన్రు, ఇయ్యాల్టికీ జనం చూడబోతరు. అదే మిషన్ కింద 1907ల ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు ఆడామె, ఆమె పెనిమిటి పాదిరి జార్జి కెర్ హైదరాబాదుకు వచ్చిన్రు. ఇసబెల్ 1903ల అబెర్డీన్ యూనివర్సిటీల డాక్టరు పట్టా పొందింది. ఆడోళ్ళు డాక్టర్లయ్యుడు వాళ్ళ దేశంల గూడ అరుదైన కాలం అది. వాళ్ళు నిజామాబాదుకు వచ్చినంక కుష్టు రోగులు దవాఖాన చుట్టు చేరేటోళ్ళు. వాళ్ళకు ఎక్కడా చోటు లేకుండె. ఇసబెల్ మొదట నిజామాబాదులనే చిన్నగ వైద్యం మొదలుపెట్టింది, రోగులు ఎక్కువై చోటు చాలలేదు. అప్పుడు నిజామాబాదు దాత రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చిండు. 1915ల డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా కుష్టు దవాఖాన తెరుచుకున్నది. నిజాం సర్కారు గూడ సాయం చేసింది. 1874ల వెల్లెస్లీ బెయిలీ మొదలుపెట్టిన కుష్టు రోగుల మిషన్ తోడైంది.

ఇక్కడ ఆగి చూస్తే ఒక సంగతి కనబడుతది. ఈ దవాఖానను ఒక్క సముద్రమవతలి దయగా చెప్పుడు సగం చరిత్రనే. డబ్బులు ఇచ్చినాయన పేరులనే ఆయన కులం ఉన్నది, కల్లు గీసే కులం. సాయం చేసిన సర్కారు ముసల్మాను రాజుది. గోడలు పెట్టినోళ్ళు, బాయి తవ్వినోళ్ళు, రాళ్ళు మోసినోళ్ళు ఎవరో వేరే చెప్పే పనిలేదు. ఈ జిల్లాల ఆ పనులు ఎవరు చేస్తరో అందరికీ తెలుసు.

మందు సంగతి గూడ అంతే. ఆ కాలంల కుష్టుకున్న ఒకే మందు ఒక నూనె. పడమటి కనుమల అడవులల్ల పెరిగే అడవి బాదం చెట్టు గింజల నుంచి తీస్తరు. దాన్నే నీరడి విత్తులని గూడ అంటరు. దీని అక్కజెల్లెలు లాంటిదే చాల్‌మోగ్రా. మన దేశపు పాత వైద్యంల ఈ నూనెలు ఎప్పటినుంచో ఉన్నయి. తాగితే వాంతులయ్యేటివి, సూదితోటి ఎక్కిస్తే చిక్కగ ఉండి చర్మం కింద గడ్డకట్టేది. దాన్ని ఒంట్ల కలిసేటట్టు చేసే పద్ధతిని 1915ల హవాయిల ఆలిస్ బాల్ అనే నల్లజాతి ఆడపిల్ల కనిపెట్టింది. కెమిస్ట్రీ చెప్పే టీచరు ఆమె. 1916ల, 24 ఏండ్లకే చనిపోయింది. ఆమె చేసిన పనిని ఆ కాలేజీ పెద్ద తన పేరు మీద అచ్చేసుకున్నడు. 1922ల ఒక డాక్టరు ఇది బాల్ పద్ధతి అని రాసినా, లోకం ఆమెను గుర్తుపట్టనీకి ఇంకా చానా ఏండ్లు పట్టింది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కలకత్తాల లియొనార్డ్ రోజర్స్ గూడ ఈ నూనె మీద పనిచేసిండు, ఆయనకు సర్ బిరుదు ఉన్నది. ఇసబెల్‌కు, జార్జికి 1923ల కైసరె హింద్ పతకం వచ్చింది. వాళ్ళు చేసిన పనికి అది తగినదే. పతకం లేనోళ్ళ లెక్క ఎవరు రాయాలె అన్నది నా ప్రశ్న.

నాయినమ్మ పోయేటప్పటికి ఇసబెల్ దొరసాని లేదు, 1932ల చనిపోయింది. అయినా ఆమె మాటలు దవాఖానల చెప్పుకునేటోళ్ళంట. నాయినమ్మకు ఇద్దరు దొరసానులు తెలుసు. ఒకామె ఊర్ల గడీ దొరసాని, ఆమె ముందట చెప్పులిడిచి నిలబడాలె. ఇంకొకామె చూడని దొరసాని, పుండు కడిగిన దొరసాని. ఇద్దరికీ ఒకటే మాట ఎట్ల వాడుతవే అని నేను అడిగితే, "మనకు వేరే మాట ఎవరు నేర్పిన్రు బిడ్డా" అన్నది.

వారానికి రెండుసార్లు సూది. నూనె సూది గుచ్చితే బర్ర పొడిచినట్టు ఉండేదంట. వరుసల నిలబడి పిల్లలు ముందుగాలనే ఏడ్చేటోళ్ళు. నాయినమ్మ ఏడ్వకుండ నిలబడితే ఒక నర్సమ్మ బెల్లం ముక్క ఇచ్చేది. రెండేండ్లకు ఆమె చేతులు కొంచెం మంచిగైతే పట్టీలు కట్టుడు నేర్పిన్రు. పొద్దుగాల పుండ్లు కడుగుడు, పట్టీలు ఉడకబెట్టి ఎండేసుడు, నడవరానోళ్ళకు బువ్వ తినిపించుడు ఆమె పని. రోగులే రోగులకు సేవ చేసిన్రు. మడిల పనిచేసినోళ్ళు, వంట చేసినోళ్ళు గూడ రోగులే. మిషన్ సేవ అని మనం చదివే మాటల కింద ఈ పని అంత ఉన్నది. "నేను పట్టీ కట్టిన కాళ్ళు లెక్కవెడితే ఒక ఊరంత జనం" అన్నది. సదువు గూడ అక్కడనే, బైబిలు చదివేంత వచ్చింది. మా వంశంల అచ్చరం ముక్క వచ్చిన మొదటి మనిషి ఆమె. నేను మొదటి గ్రాడ్యుయేట్ అని మా వాడోళ్ళు అంటరు గని, మొదటి అచ్చరం నాది గాదు.

ఆమె పట్టీ కట్టినోళ్ళల్ల ఒక పటేండ్ల ఆడిబిడ్డ ఉండేది. ఆమెకు కాలికి పుండు. మొదటి దినాలు నాయినమ్మ చేతి నీళ్ళు తాగలేదు. తర్వాత తాగింది, తలకు నూనె పెట్టించుకున్నది, ఇంటి ముచ్చట చెప్పుకొని ఏడ్చింది. రోగం నయమై నాయినమ్మ కంటె ముందుగాలనే ఇంటికి పోయింది. ఎన్నో ఏండ్లకు బోధన్ అంగట్ల ఎదురైంది. నాయినమ్మ సంతోషపడి "అక్కా" అన్నది. ఆమె చీరె కుచ్చిళ్ళు ఎత్తుకొని పక్కకు జరిగింది. రోగానికి భయపడి జరిగిందా, కులానికి జరిగిందా, తనకు రోగం వచ్చిందని పక్కోళ్ళకు తెలుస్తదని జరిగిందా, మూడు కలిసి జరిగిందా, నాయినమ్మకు అర్థం గాలేదు. దవాఖాన లోపల పోయిన కులం గేటు దాటంగనే ఎదురొచ్చింది.

పోలీసు యాక్షన్ అయినంక కొన్నేండ్లకు సూదులు బందై తెల్ల బిల్లలు వచ్చినయి. అది డాప్సోన్. దాని కథల గూడ డిచ్‌పల్లి ఉన్నది. 1920లల్ల డిచ్‌పల్లిల పనిచేసిన జాన్ లో అనే డాక్టరు తర్వాత కలకత్తా పోయి, ఆ తర్వాత నైజీరియాల ఉజువకోలి అనే ఊరి మెథడిస్టు కుష్టు దవాఖానల చేరిండు. 1940ల చివర్ల అక్కడి రోగులకు ఈ బిల్ల చిన్న మోతాదుల ఇచ్చి, అగ్గువల కుష్టు నయం చేయొచ్చని చూపెట్టిండు. ఉజువకోలిల ఏండ్ల తరబడి పనిచేసిన ఫ్రాంక్ డేవీ అనే డాక్టరు 1960ల చివర డిచ్‌పల్లికి వచ్చిండు. మా నాయినమ్మను బాగుచేసిన బిల్ల ముందుగాల నైజీరియా నల్ల మనుషుల ఒంటి మీద రుజువైంది. వాళ్ళ పేర్లు గూడ ఏ పుస్తకంల ఉన్నయో నాకు కనబడలేదు.

తొమ్మిదేండ్లకు రోగం లేదని చీటి ఇచ్చి పంపిన్రు. ఊరికి పోతే ఊరు రానియ్యలేదు, వాడ రానియ్యలేదు. అక్కడనే నయమైన మా తాతను పెండ్లి చేసుకొని, ఎవరూ ఎరుగని బోధన్ దిక్కు వచ్చి చెరుకు తోటల కూలికి చేరిన్రు. వేళ్ళు పోయింది దవాఖానల గాదు, ఇక్కడనే. కుష్టు వేళ్ళను తినదు, నరాన్ని చంపుతది. నొప్పి తెల్వని చేతితోటి చెరుకాకు దూస్తే తెగుతది, బెల్లం కడాయి అంచు పట్టుకుంటే కాలుతది, తెల్వక మళ్ళ అదే చేతితోటి పనిచేస్తే పుండు ఎముక దాక పోతది. వెల్లూరుల పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1940ల చివర నుంచి ఈ సంగతి పట్టి పట్టి చూసి చెప్పిండు. అంటే కూసుండబెట్టి బువ్వ పెట్టేటోళ్ళుంటే ఆమె వేళ్ళు ఉండేటివి. కూలి చేస్తెనే బువ్వ కాబట్టి పోయినయి. "చెరుకు గానుగల పడ్డయి" అని ఆమె చెప్పింది పూర్తిగ అబద్ధం గాదు.

మిషన్ మీద నాకు రెండు ఫిర్యాదులు ఎదురైతయి, రెండింటికీ జవాబు చెప్పాలె. నేను పనిచేసిన ఒక బడిల స్టాఫ్ రూంల ఒక సారు అన్నడు: "పాలపొడికి, గోధుమరవ్వకు మతం మారినోళ్ళు మీరు." నేను అన్న: "సార్, ఆమె తుమ్మచెట్టు కింద గటక ఏరుకున్న ఏడాది మీ మతంలనే ఉన్నది. అప్పుడు ఎవరొచ్చిన్రు?" ఆయన రిజిస్టరు తెరిచి సంతకాలు చూసుకున్నడు. రెండో ఫిర్యాదు మా ఉద్యమ మిత్రులది: మిషనరీలు సామ్రాజ్యం వెనుక వచ్చిన్రు, రాణి పేరు పెట్టుకున్నరు, మన బాధను ఫొటోలు తీసి వాళ్ళ దేశంల చందాలు ఎత్తిన్రు. ఇందుల నిజం ఉన్నది. ఆ కాలపు మిషన్ పత్రికలల్ల మనోళ్ళ ఫొటోలు ఉంటయి, కింద పేరు ఉండదు. మందుతోటి పాటు బైబిలు వచ్చింది, అది గూడ నిజం. కాని రోగి పక్కన కూసున్న మనిషిని ఒక్క ఫొటోల మీదనే తూచలేను. వాళ్ళను దేవతలని చెయ్యను, దొంగలని గూడ అనను. వాళ్ళు ముట్టుకున్నరు. ముట్టుకునుడు ఇంత పెద్ద పని ఎందుకైందంటే, అది మనదగ్గర నేరమై ఉండె గనక.

నాయినమ్మ డిచ్‌పల్లిల బాప్తిస్మం తీసుకున్నది. దాని ఖరీదు మేం ఇప్పటికీ కడుతున్నం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానోడు షెడ్యూల్డ్ కులం గాదు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు, క్రైస్తవులను, ముస్లిములను కలపలేదు. 1970 నుంచి మా రాష్ట్రంల దళిత క్రైస్తవులు బిసి-సి, ఒక్క శాతం రిజర్వేషన్. నా సర్టిఫికెట్ బిసి-సి. మా మేనమామ కొడుకుది ఎస్సీ. ఒకటే వాడ, ఒకటే డప్పు, ఒకటే తిట్టు. మమ్మల్ని కులం పేరు పెట్టి కొడితే 1989 అట్రాసిటీ చట్టం వాడికి వర్తిస్తది, నాకు వర్తించదు. కొట్టేటోడు మాత్రం సర్టిఫికెట్ చూసి కొట్టడు. 2022ల కేంద్ర సర్కారు ఈ సంగతి చూడమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. పెద్దరోగం మీద చట్టం సంగతి గూడ ఇట్లనే నడిచింది. రోగులను పట్టి బంధించే 1898 నాటి చట్టాన్ని 2016ల రద్దు చేసిన్రు. కుష్టు ఉన్నదని విడాకులు తీసుకునే హక్కు 2019ల పోయింది. రోగానికి 1980ల నుంచి మందుతోటి నయం ఉన్నది. మనుషుల మనసుకు అన్నేండ్లు పట్టింది, ఇంకా పడుతున్నది.

నేను చరిత్ర చెప్పే పంతులును. బడి పిల్లలను డిచ్‌పల్లి రామాలయానికి తీస్కపోతం, గుట్ట మీద మంచి శిల్పాలుంటయి. రెండేండ్ల కింద బస్సును దవాఖాన దిక్కు గూడ మళ్ళించిన. గేటు దగ్గర నిలబడి ఇసబెల్ కెర్ గురించి, నర్సాగౌడ్ గురించి, ఆలిస్ బాల్ గురించి చెప్పిన. ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, ఇక్కడ ఉన్న రోగులల్ల మీకు ఎవరన్న తెలుసా?" నలభై మంది పిల్లలు నా దిక్కు చూస్తున్నరు. నేను "తెల్వదమ్మా" అన్న. మా నాయిన కంచం ముందట నుంచి ఎందుకు లేచిపోయిండో ఆ దినం నాకు తెలిసింది.

ఆ అబద్ధం దిద్దుకోవాలని ఇది రాసిన. రాసినంక నాయినకు చదివి వినిపించిన. ఆయన చానాసేపు మాట్లాడలేదు. "రాయి. పేరు మాత్రం రాయకు. చెల్లెకు సంబంధాలు చూస్తున్నం" అన్నడు. నేను ఒప్పుకున్న. అందుకే ఇందుల మా నాయినమ్మ పేరు లేదు, ఊరి పేరు గూడ లేదు. పేర్లు రాయలేదని మిషన్ పత్రికల మీద, చరిత్ర పుస్తకాల మీద నేను పెట్టిన ఫిర్యాదు ఇప్పుడు నా మీద గూడ ఉన్నది. చెల్లె పెండ్లి అయినంక ఆమె పేరు రాస్తనని నాయినకు చెప్పిన. వద్దనలేదు.

చదివే తమ్ముళ్ళు, చెల్లెండ్లు, మీ ఇంట్ల గూడ గానుగ కథలు ఉంటయి. ముసలోళ్ళు బతికుండంగనే కూసుండబెట్టి అడుగున్రి.